ఎడారిలో ఖాళీ జాగా లేదు

పోయిన నెల మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో చిన్న గొడవ జరిగింది. నేను అడవి ఒంటె ఫొటో ఒకటి పెట్టి, ఇవి ప్రపంచం మొత్తమ్మీద వెయ్యి కూడా లేవు అని రాశాను. పది నిమిషాలు తిరక్కుండానే మా పెద్దమ్మ కొడుకు ఒక వీడియో పెట్టాడు. 2020 జనవరిలో దక్షిణ ఆస్ట్రేలియాలో హెలికాప్టర్లలోంచి ఒంటెల్ని కాల్చిన వార్త అది. ఐదు రోజుల్లో ఐదు వేల ఒంటెలు. దాని కింద "అన్నా, అక్కడ ఎక్కువైపోయి కాల్చేస్తావుంటే నువ్వు తక్కువైపోయినాయని బాధపడతాండావు. నాలుగు షిప్పులెక్కించి పంపిస్తే సరిపోలేదా?" అని రాశాడు.

నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు కోపం రాలేదు. వాడు అడిగింది సబబైన ప్రశ్నే. జవాబు టైప్ చేయడం మొదలుపెట్టి, మూడుసార్లు చెరిపేసి, ఇది గ్రూపులో తేలే సంగతి కాదని ఇక్కడ రాస్తున్నాను.

షిప్పుల సంగతి ముందు తేల్చేస్తాను. ఆస్ట్రేలియా ఒంటెలు ఒంటి మూపురానివి. పందొమ్మిదో శతాబ్దంలో మన వైపు నుంచే బరువులు మోయడానికి తీసుకెళ్లారు. లారీలు వచ్చాక వాటితో పని లేక వదిలేశారు. అవి పెంపుడు ఒంటెల సంతానం, యజమాని లేనివి, అంతే. నేను ఫొటో పెట్టినది మంగోలియా, చైనాల గోబీ ఎడారిలో బతికే రెండు మూపురాల అడవి ఒంటె. మంగోలియా వాళ్లు హవ్తగై అంటారు, చదునైనది అని అర్థం. దాన్నీ పెంపుడు రెండు మూపురాల ఒంటెనీ పక్కపక్కన పెట్టి జన్యువులు చూసిన శాస్త్రవేత్తలు, ఈ రెంటి పూర్వీకులు ఏడు నుంచి పదిహేను లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయని లెక్కగట్టారు. అంటే మనిషి ఒంటెను మచ్చిక చేసుకోవడానికి ఎంతో ముందే. ఇది ఎన్నడూ ఎవరి దొడ్లోనూ కట్టేసి పెరగని జాతి. ఆస్ట్రేలియా నుంచి ఎన్ని లక్షలు తెచ్చి వదిలినా హవ్తగై ఒక్కటి కూడా పెరగదు.

ఫొటోలో చూసినా తేడా తెలుస్తుంది. పెంపుడుది బొద్దుగా ఉంటుంది, మూపురాలు బరువుకి పక్కకి వాలతాయి. అడవిది సన్నం. కాళ్లు పుల్లల్లా, మూపురాలు చిన్నగా, కోసుగా ఉంటాయి. రంగు అది నిలబడ్డ ఇసుక రంగే. చైనా వైపు గషూన్ గోబీలో ఇది సముద్రం కంటే ఉప్పగా ఉండే ఊట నీళ్లు తాగి బతుకుతుంది. పదమూడు నెలలు మోసి ఒక్క పిల్లను ఈనుతుంది, మామూలుగా రెండేళ్లకొకసారి. ఒక తల్లి పోతే ఆ లోటు పూడటానికి చాలా కాలం పడుతుంది.

ఇక నా అసలు మాట. ఈ జంతువులు తగ్గిపోతున్నది వాటి మీద మనకు ప్రేమ లేక కాదని నాకు అనిపిస్తోంది. అవి తిరిగే నేలను మనం ఖాళీ జాగా అనుకుంటున్నాం. అడవిని నరికితే కనీసం అయ్యో అంటాం. ఎడారిలో రోడ్డు వేసినా, గని తవ్వినా, కంచె కట్టినా ఎవరికీ ఏమీ అనిపించదు, ఎందుకంటే అక్కడ ముందు నుంచీ ఏమీ లేదని మన నమ్మకం. ఈ నమ్మకం మారకుండా ఒంటెల్ని లెక్కపెట్టి, జూలో పెంచి, వాటి పేరున ఒక ఏడాదిని జరిపి ప్రయోజనం తక్కువ. (2024ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ ఒంటె జాతుల సంవత్సరంగా ప్రకటించింది. మనలో ఎంతమందికి తెలిసింది?)

మా ఊరి ఇసుక, మామ చెప్పిన ఎడారి

నాకు కూడా ఆ నమ్మకమే ఉండేది. మాది పాత అనంతపురం జిల్లాలో కణేకల్లు వైపు. గాలులు మొదలైతే హగరి ఏటి ఇసుక లేచి పొలాల మీద పడుతుంది. మా తాత చేను మూల ఒక పెద్ద దిబ్బే ఉండేది. మేం పిల్లలం దాని మీంచి జారి ఆడుకునేవాళ్లం, మా అవ్వ దాన్ని చూసినప్పుడల్లా తిట్టేది. పేపర్లో, ఆఫీసర్ల నోట ఒకటే మాట వినపడేది: ఈ ప్రాంతం ఎడారి అయిపోతోంది. అట్లా నా బుర్రలో ఎడారి అంటే చచ్చిపోయిన చేను అని ముద్ర పడిపోయింది. పచ్చగా ఉండాల్సిన నేల పాడైపోవడం వేరు, వేల ఏళ్లుగా ఎడారిగానే బతుకుతున్న నేల వేరు అనే తేడా నాకు నలభై ఏళ్లు దాటేవరకు తట్టలేదు.

తట్టించింది మా మేనమామ. ఆయనది రాయచోటి దగ్గర. ఇంటి పని అని చెప్పి ఒక ఏజెంటు కువైట్ పంపిస్తే, అక్కడికి పోయాక ఎడారిలో ఒంటెల దగ్గర పెట్టారు. నాలుగేళ్లు ఒక రేకుల గదిలో ఉండి ఒంటెలు కాశాడు. ఆ కష్టం గురించి ఆయన ఎక్కువ మాట్లాడడు. ఒంటెల గురించి అడిగితే మాత్రం ఆగడు.

"ఎడారంటే ఏమీ ఉండదనుకుంటావు గదా నువ్వు. నేనూ అట్నే అనుకున్యా. మొదటి చలికాలం వాన పడినాక సూసినా. పది పదైదు దినాల్లో నేలంతా పచ్చ. అర్ఫజ్ అని ఒక చెట్టుంటాది, మోకాలెత్తు, పసుపు పూలు. ఒంటె దాన్ని ఇడిసిపెట్టదు. యాడ వాన పడిందో దానికి ముందే తెలుస్తాది. ఆ పక్కకే మూతి పెడతాది, మనం ఆపినా ఆగదు."

"మరి వాన పడని చోట?"

"పడని చోట ఏముంటాది? ఆ ఏడు అక్కడ గెడ్డి ఉండదు. ఇంకో తూరి ఈడ ఉండదు, ఆడ ఉంటాది. అందుకే దానికి జాగా అంతా కావల్ల. ఏడుకొక మూల."

ఎడారిలో పెద్ద మేత జంతువుల గురించి నేను తర్వాత చదివినదంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. వాన ఎక్కడ పడుతుందో తెలియదు. పడిన చోటికి పోగలిగితేనే బతుకుతుంది. పోయిన ఏడాది ఒక్క ఒంటె కూడా కనపడని లోయ, వచ్చే కరువులో వాటికి దిక్కు కావచ్చు. చూసినవాడికి ఖాళీగా కనిపించేది నిజానికి కరువు కోసం దాచుకున్న మేత.

గోబీలోనే హులాన్ అనే అడవి గాడిద ఉంది. ఆగ్నేయ గోబీలో కొన్నింటికి జాడ తెలిపే కాలర్లు మెడకు కట్టి చూస్తే, ఒక్కొక్కటీ 18 వేల నుంచి 70 వేల చదరపు కిలోమీటర్ల నేలలో తిరుగుతున్నట్టు తేలింది. జిల్లాలు విడిపోకముందు మా అనంతపురం, రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా, సుమారు 19 వేల చదరపు కిలోమీటర్లు. ఒక్క గాడిదకు జిల్లా అంత నేల! మొదటిసారి ఆ అంకె చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను.

అటువంటి జంతువుకు అడ్డంగా 1950లలో ఉలాన్‌బాతర్ నుంచి బీజింగ్ పోయే రైలు మార్గం వచ్చింది. పశువులు రైలు కింద పడకుండా రెండు పక్కలా ముళ్లకంచె వేశారు. ఎవరూ చెడు తలపెట్టలేదు. కానీ కంచెకు తూర్పున ఉన్న మేత భూములు హులాన్‌కు దాదాపు లేకుండా పోయాయి. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ కంచె తెరిచి చూస్తున్నారు. చైనా, మంగోలియా సరిహద్దు కంచెది కూడా ఇదే కథ. అటు ఒంటెలు అటే, ఇటు ఒంటెలు ఇటే.

లోప్ నూర్‌లో జరిగింది

నా వాదనకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం లోప్ నూర్, చైనా ఎడారిలో ఎండిపోయిన ఒక సరస్సు ప్రాంతం. నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది కూడా అదే.

చైనా తన మొదటి అణుబాంబును 1964 అక్టోబరు 16న అక్కడ పేల్చింది. 1996 జులై వరకు మొత్తం 45 పరీక్షలు చేసింది. అక్కడే ఎందుకు? ఎవరూ ఉండరు కాబట్టి, ఖాళీ కాబట్టి. ఆ ఖాళీలో అడవి ఒంటెలు ఉన్నాయి. ముప్ఫై ఏళ్లకు పైగా బాంబులు పేలినా అవి మిగిలాయి. మిలిటరీ మనిషిని లోపలికి రానివ్వకపోవడమే కారణం. వేటగాడు లేడు, గొర్రెల మంద లేదు, రోడ్డు లేదు.

పరీక్షలు ఆగాక అక్రమంగా బంగారం తవ్వేవాళ్లు దిగారు. బంగారం వేరు చేయడానికి వాడే సైనైడ్ నేలలో కలిసింది. తిండి కోసం నీటి ఊటల దగ్గర కాచుకుని ఒంటెల్ని చంపారు. ఊట దగ్గర కాయడం ఎంత తేలికో ఆలోచించండి, అవి రాక తప్పదు కదా. తర్వాత పొటాష్ కంపెనీ వచ్చింది. ఎండిపోయిన సరస్సు అడుగున ఉప్పునీళ్లు తోడి పొటాష్ ఎరువు తీస్తారు. 2012లో అక్కడికి రైలు కూడా వేశారు. జాన్ హేర్ అనే బ్రిటిష్ ఆయన 1990లలో ఆ ప్రాంతం తిరిగి చూసి, 1997లో అడవి ఒంటెల రక్షణకు ఒక సంస్థ పెట్టాడు. ఆయన పట్టుదల వల్ల కూడా చైనా అక్కడ పెద్ద రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. 2022లో చనిపోయే వరకు ఆయన ఈ పని వదల్లేదు. అటువంటి మనిషి లేకపోతే ఈ ఒంటెల పేరు మన దాకా వచ్చేది కాదు.

బాంబుల్ని తట్టుకున్న జంతువు మనుషుల్ని తట్టుకోలేకపోయింది అని చాలామంది రాశారు. నేనూ ఆ వాక్యం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. కానీ దాన్ని చివరి దాకా లాగితే ఎక్కడికి పోతాం? మనుషులందరినీ వెళ్లగొడితే సరిపోతుంది అనే చోటికి. అది నాకు మింగుడు పడదు. నా ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫీజు మా ఇంట్లో మేకలమ్మి కట్టారు. మేకలే నేలను పాడుచేశాయి, కాపర్లను తరిమితే అడవి బాగుపడుతుంది అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. మంగోలియాలో జనం 35 లక్షలు, పశువులు సుమారు ఆరు కోట్లు. కాష్మియర్ అనే మెత్తటి ఉన్ని కోసం మేకలు పెంచే కుటుంబానికి ఊట దగ్గర నీళ్లు పెట్టొద్దని చెప్పే హక్కు హైదరాబాదులో కూర్చున్న నాకు ఎక్కడిది? పెంపుడు ఒంటెలు అడవి వాటితో కలిసి సంకరం పుట్టడం కూడా పెద్ద ప్రమాదమే. పెంపుడు మందల్ని రక్షిత ప్రాంతానికి దూరంగా ఉంచమని అడగడం న్యాయమే. కానీ ఆ దూరం వల్ల నష్టపోయేవాడికి ఏమిస్తున్నారన్నది కూడా అడగాలి.

ఒమన్ సంగతి దీనికి ఇంకో పక్క చూపిస్తుంది. అరేబియా ఓరిక్స్ అనే పొడుగు కొమ్ముల తెల్ల జింకను 1972లో అడవిలో పూర్తిగా చంపేశారు. జూలలో దాచి పెంచినవాటిని 1982లో జిద్దత్ అల్ హరాసీస్ ఎడారిలో మళ్లీ వదిలారు. కాపలాకు అక్కడి హరాసీస్ తెగ వాళ్లనే పెట్టారు. 450 దాకా పెరిగాయి. 1994లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తర్వాత బతికున్న జంతువులకు ప్రైవేటు జూల వాళ్లు డబ్బులిస్తున్నారని తెలిసి దొంగలు పడ్డారు, 2007 నాటికి 65 మిగిలాయి. అదే సమయంలో ఆయిల్, గ్యాస్ కోసం ప్రభుత్వం రక్షిత ప్రాంతాన్ని 90 శాతం తగ్గించింది. ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసిన మొట్టమొదటి చోటు అదే. ఓరిక్స్ జాతి మాత్రం వేరే దేశాల్లో నిలదొక్కుకుంది. అంటే జంతువును కాపాడటం మనకు చేతనవుతోంది. దాని నేలను కాపాడటమే చేతకావడం లేదు.

రణ్‌లో ఒక పొద్దున

రెండేళ్ల కిందట డిసెంబరులో పని మీద అహ్మదాబాద్ వెళ్లి, ఒక రోజు మిగుల్చుకుని కచ్‌లోని చిన్న రణ్ అనే ఉప్పు ఎడారికి పోయాను. భారత అడవి గాడిదలు మిగిలిన చోటు అదే. 1969లో లెక్కిస్తే 362 ఉన్నాయి. 2014లో 4,451, 2020లో 6,082, 2024లో 7,672. మన దేశంలో పెద్ద జంతువుల విషయంలో ఇటువంటి వరస అరుదు.

తెల్లారకముందే జీపు బయల్దేరింది. సూర్యుడు వచ్చేసరికి చుట్టూ పగిలిన నేల తప్ప ఏమీ లేదు. నా పాత బుర్ర వెంటనే అంది: ఖాళీ. అరగంట పోయాక కొంచెం ఎత్తుగా ఒక గడ్డి దిబ్బ వచ్చింది. వానాకాలంలో రణ్ అంతా నీళ్లు నిలిస్తే అవి దీవులవుతాయి, అక్కడి వాళ్లు బేట్ అంటారు. దాని అంచున ఒక తల్లి గాడిద, పిల్ల, సర్కారు తుమ్మ కాయలు తింటున్నాయి. మన ఊళ్లలో కంపకు తప్ప దేనికీ పనికిరాదని తిట్టుకునే అదే సర్కారు తుమ్మ. పిల్ల కాయను నోట్లో పెట్టుకుని, ఉమ్మేసి, మళ్లీ తీసుకుంటోంది. డ్రైవరు దిగి, ఎండిన పేడ ఉండ ఒకటి తీసి నా ముందు విరిచి చూపించాడు. లోపల గింజలు, చెక్కుచెదరకుండా. ఇవి తిని తిరిగిన చోటల్లా తుమ్మ మొలుస్తుంది, మొలిచిన కొద్దీ వీటి గడ్డి తగ్గుతుంది అన్నాడు. నాకు తేలిక జవాబు దొరక్కుండా చేసిన వాటిలో ఆ పేడ ఉండ ఒకటి.

ఇంకా లోపలికి పోతే ఉప్పు మళ్లు. అగరియాలు ఏడాదిలో ఏడెనిమిది నెలలు అక్కడే గుడిసెలు వేసుకుని ఉప్పు పండిస్తారు. ఒక గుడిసె ముందు నీళ్ల డ్రమ్ము మీద చెక్క మూత, దాని మీద రెండు పెద్ద రాళ్లు ఉన్నాయి. ఎందుకని అడిగితే ఆ ఇంటి ఆవిడ నవ్వింది. రాత్రిపూట గాడిదలు వస్తాయట. ట్యాంకరు వారానికొకసారే వస్తుంది, వాటికి వదిలితే పిల్లలకు ఉండవు. అయినా మూత కడిగిన నీళ్లు ఒక తొట్టిలో పోసి పక్కన పెడుతుంది. ఈ అభయారణ్యంలో అగరియాలకు హక్కు లేదని ఒక దశలో ఖాళీ చేయమని నోటీసులు కూడా వచ్చాయి. పై అంకెలు పెరిగినంత కాలం వాళ్లు అక్కడే ఉన్నారు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు రణ్ అంచున జీలకర్ర చేలో ఒక రైతు మంచె వేస్తూ కనిపించాడు. రాత్రంతా మేలుకోవాలి, లేకపోతే గాడిదల మంద చేలో పడుతుంది. సంఖ్య పెరిగిందని నేను సంతోషపడుతున్న ప్రతి గాడిదా అతనికి పోయిన ఒక రాత్రి నిద్ర. అతని నష్టం మన పండగ ఖర్చులో లెక్క కట్టకపోతే, ఈ అంకెలు ఎప్పటికీ పెరుగుతూ పోవు.

అందుకే ఖాళీ చేయించడం అనే మాటే నాకు భయం. ఖాళీగా ఉందని తీసుకోవడం, ఖాళీ చేయించి కాపాడటం, రెండిట్లోనూ ఆ నేలతో పాటు బతికే మనిషి కనపడడు.

పటంలో రంగు

ఇది మనకు సంబంధం లేని దూరపు కథ అనుకోవద్దు. మన దేశంలో ఏది బంజరు, ఏది కాదు అని చెప్పే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ తయారవడంలో ముఖ్యమైన పని జరిగేది మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో. ఉపగ్రహ చిత్రాలు చూసి గీస్తారు. 2019 అట్లాస్ ప్రకారం దేశంలో సుమారు 5.57 కోట్ల హెక్టార్లు, అంటే దాదాపు 17 శాతం నేల బంజరే. అందులో ఎడారి ఇసుక, ఉప్పు నేల, పొదల నేల కూడా ఉన్నాయి. గీసేవాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. నేను అడిగేది ఆ పేరు గురించి. ఒక నేలను బంజరు అని పటంలో రంగు వేశాక, దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి ఎవరూ రెండోసారి ఆలోచించరు.

తెలుగులో పోరంబోకు అనే మాట ఏమైందో చూడండి. ఊరి పశువులకు, చెరువు గట్టుకు, వాగుకు, అందరి అవసరానికీ విడిచిన నేల అది. ఇప్పుడు అది తిట్టు. ఎవరి పేరునా పట్టా లేని నేలకూ, ఎవరికీ పనికిరాని మనిషికీ ఒకే మాట వాడుతున్నాం.

కచ్‌లో ఖావ్డా దగ్గర 72,600 హెక్టార్లలో 30 గిగావాట్ల సోలార్, పవన విద్యుత్ పార్కు కడుతున్నారు. బంజరు భూమి అనే చెప్పారు. నేను సోలార్‌కు వ్యతిరేకిని కాను. బొగ్గు మండిస్తే భూమి వేడెక్కి గోబీ ఊటలు ఇంకా తొందరగా ఎండుతాయని నాకు తెలుసు. మా ఇంటి మీద కూడా ప్యానెళ్లు ఉన్నాయి. పార్కు కట్టకముందు అక్కడ ఏ జంతువు ఏ కాలంలో ఏ దారిన పోతోందో రెండు మూడేళ్లు చూసి, ఆ దారులు వదిలి కంచె వేయమని అడుగుతున్నాను. నీళ్లున్న చోట గని, క్యాంపు పెట్టొద్దని అడుగుతున్నాను. దీనికి ఖర్చవుతుంది, ఆలస్యమవుతుంది. ఊరి మధ్యలో రోడ్డు వేసేటప్పుడు గుడినో, మసీదునో, చెరువునో చూసి వంపు తిప్పుతాం కదా. ఎడారిలో వంపు తిప్పడానికి ఏదో ఒకటి ఉందని ఒప్పుకుంటే చాలు.

గ్రూపులో గొడవ జరిగిన వారానికి మామ హైదరాబాదుకు కంటి ఆపరేషన్‌కు వచ్చాడు. ఆ ఫొటో ఆయనకు చూపించాను. ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీనికి వాత యాడుంది?" అన్నాడు. కువైట్‌లో ప్రతి ఒంటెకూ యజమాని గుర్తుగా వాత ఉంటుందట.

"లేదు మామా. ఇవి ఎవరివీ కావు."

"ఎవురివీ కాకపోతే నీళ్లెవురు పోస్తారు?"

"ఎవరూ పోయరు. ఊటలుంటాయి."

ఆయన రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి, ఒంటె మొహం వదిలేసి, కింద కాళ్ల దగ్గరికి జరిపాడు. నేను ఆ ఫొటోను వందసార్లు చూసి ఉంటాను.

"గిట్టల కింద తడి ఉంది, సూడు," అన్నాడు. "ఊట పక్కనే తీసినారు దీన్ని."